కాస్త పట్టుకో

"కాస్త పట్టుకో" అన్నారు మా ఆయన ముందుగదిలోంచి. కూర తరుగుతున్నదాన్ని కత్తిపీట వదిలేసి వెళ్లాను. భోజనాల బల్ల మీద ఆయన బొమ్మ రైలు పరిచి ఉంటుంది, ఎప్పుడూ ఉంటుంది. మేం మాత్రం కంచాలు ఒళ్లో పెట్టుకుని తింటాం. పెళ్లయిన కొత్తలో ఈయన పట్టుకో అంటే చెయ్యి పట్టుకోమంటున్నారేమో అని మురిసిపోయేదాన్ని. తర్వాత తెలిసింది, పట్టుకోవలసినవి నిచ్చెన, టార్చిలైటు, ఈ బొమ్మ రైలు పట్టాలూను.

పట్టా ముక్కకీ ముక్కకీ మధ్య చిన్న రేకు తొడుగు ఉంటుంది. రెండు చివరలూ అందులోకి దూరాలి. దూరవు. మా ఆయన పళ్లు బిగించి నెడతారు, తొడుగు ముడుచుకుపోతుంది, ఆయన వేలు గీరుకుంటుంది, ఆ వెంటనే "నువ్వు కదిలించావు" అంటారు. ఆ ఆదివారం కూడా అంతే. రక్తం చూసి ఆయన ప్లాస్టరు వెతుక్కుంటూ లోపలికెళ్లారు. అది ఎక్కడుంటుందో ఆయనకు తెలీదు కాబట్టి నాకు కావలసినంత సమయం దొరికింది.

నేను పళ్ల సెట్లు చేసే ల్యాబులో పని చేస్తాను. నోట్లో సరిగ్గా అమరని సెట్టును బలవంతంగా నెట్టకూడదు. ఎక్కడ అడ్డుతోందో చూసి, అక్కడ మాత్రం అరగదీయాలి. సెట్టు పెట్టుకున్న మనిషి హాయిగా నమిలితే డాక్టరుగారి హస్తవాసి మంచిదంటారు. డాక్టరుగారు కూడా కాదనరు, చిరునవ్వు నవ్వుతారు. సరే, పట్టా ముక్క తిప్పి చూస్తే కింది అంచున కోసినప్పటి గరుకు అలాగే ఉంది. నా సంచీలోంచి సన్న ఆకురాయి తీసి ఆ అంచును ఏటవాలుగా రాశాను. మైనం చెక్కే సూదితో తొడుగు నోరు కొంచెం తెరిచాను. పూసలోకి దారం దూరినట్టు దూరిపోయింది. ఒక్కదాన్నే ఉన్నానని కూడా మరిచిపోయి పకపకా నవ్వాను. ఆ పని నాకు అంత నచ్చింది.

ఆయన వచ్చి "పట్టాలకి ఇవాళ బుద్ధొచ్చిందే" అన్నారు. నేనేం చేశానో చెప్పాను, ఆయన ఇంజను చూస్తూ ఊ కొట్టారు. ఆ తర్వాత ముక్కలన్నీ బుట్టతో సహా వంటగదిలో నా పక్కకు చేరాయి. పొయ్యి మీద పప్పు ఉడికేలోగా నాలుగు రాసేదాన్ని. బాధనిపించలేదు, నిజం చెప్పాలంటే సరదాగానే ఉండేది. ఒకరోజు ఆయన తమ బొమ్మ రైళ్ల క్లబ్బు ప్రెసిడెంటుగారికి ఫోన్లో "నేనో పద్ధతి కనిపెట్టానండీ, వచ్చే ఆదివారం మా ఇంట్లో అందరికీ చూపిస్తాను" అంటుండగా విన్నాను. అప్పుడు మాత్రం ఒళ్లు మండింది. అడిగితే "నువ్వూ నేనూ ఒకటే కదోయ్" అన్నారు. ఒకటేనట. మరి ఆ ఒకటీ ప్రతిసారీ ఆయనే ఎందుకవుతారో అర్థం కాదు.

అత్తయ్య వేరుశనగలు నములుతూ అంతా వింటూనే ఉన్నారు. ఆవిడ నోట్లో ఉన్నది నేను చేసిన సెట్టే. "నా పళ్లు నా కోడలు చేసిందని కనబడ్డవాళ్లందరికీ చెప్తాను నేను. వీడికి నోరెందుకు రాదో" అన్నారు.

ఆదివారం క్లబ్బు వాళ్లతో ముందుగది నిండిపోయింది. నేను టీ ట్రేతో గుమ్మం దగ్గరికి వచ్చేసరికి మా ఆయన ఉపన్యాసం మంచి జోరుమీద ఉంది. కొత్త ముక్క తీసి, నా ఆకురాయితోనే, పై అంచు రాయడం మొదలుపెట్టారు. చక్రం నడిచే వైపు. ఇన్నాళ్లూ నా చేతుల వైపు ఒక్కసారి చూసి ఉంటే ఆ పని చేసేవారు కాదు. తొడుగు యథాప్రకారం ముడుచుకుపోయింది. ఇంకో ముక్కను ఎలాగో బలవంతాన ఎక్కించి ఇంజను వదిలితే, అది అతుకు దగ్గర ఎగిరి ప్రెసిడెంటుగారి ఒళ్లో పడింది. అందరూ నవ్వారు. మా ఆయన చెవులు ఎర్రబడ్డాయి. నాకు జాలేసింది, నవ్వూ వచ్చింది. గుమ్మంలోంచే గుట్టుగా సైగ చేస్తే ఆయన పరువు నిలబడేది. అలాంటి సైగలు చాలా చేశాను.

"ఏమోయ్, ఇలా వచ్చి కాస్త పట్టుకో" అన్నారు.

వెళ్లి ట్రే ఆయన చేతుల్లో పెట్టాను. "ఇది మీరు పట్టుకోండి. పద్ధతి నాది, నేను చూపిస్తాను."

ఆయన కుర్చీలో కూర్చుని ఆకురాయి అందుకున్నాను. అత్తయ్య "చల్లారకముందే అందరికీ ఇవ్వరా" అన్నారు కొడుకుతో. ప్రెసిడెంటుగారు కళ్లజోడు సర్దుకుని ముందుకు వంగారు.

"ఎటువైపు రాయాలమ్మా?"

"కిందివైపండీ. పైకి కనబడని వైపు."

ఇంజను అతుకు మీదుగా చప్పుడు లేకుండా వెళ్లిపోయింది. వెనక నుంచి మా ఆయన గొంతు, చాలా చిన్నగా: "ఏమోయ్, ఇందులో చక్కెర వేశావా?"

"కాస్త చూసుకోండి" అన్నాను, తలెత్తకుండా, ఇంకో ముక్క అందుకుంటూ.