అర చుట్టు

నేను ఒక సిలికాన్ పలకను. నా జోడు పగిలింది తనలోని లోపం వల్ల కాదు. పోశెట్టి చేతి వల్ల.

మమ్మల్ని గీసి, కొలిచి, చేయించింది సుహాసిని మేడం. విశ్వం పుట్టిన కొత్తలోని వేడి ఇప్పటికీ ఆకాశంలో కాస్త మిగిలి ఉందట. టెలిస్కోపులో కూర్చుని దాన్ని కొలవడం మా పని. ఆ వెలుగులో నిలువు కంపనం నాది, అడ్డం నా జోడుది. ఒకరు లేకుండా రెండోవారి కొలత చెల్లదు.

అంత సన్నటి వేడి తెలియాలంటే మేము అంతకంటే చల్లగా ఉండాలి. అందుకే రాగి చట్రంలో బిగించి, గాలి తీసేసిన స్టీలు పీపాలో పెట్టి, నాలుగు రోజులు చల్లబరుస్తారు. చలికి రాగి మాకంటే ఎక్కువ ముడుచుకుని మమ్మల్ని నొక్కేస్తుంది. కనుక స్క్రూ బిగించాక అర చుట్టు వెనక్కి తిప్పాలని మేడం రాసి గోడకు అంటించింది. మమ్మల్ని బిగించే పని పోశెట్టిది; ముప్పై ఏళ్లు లేతు మిషన్ల దగ్గర పనిచేసిన అతనికి వదులు స్క్రూ అంటే నామోషీ.

"స్క్రూలు సరిగ్గా ఉన్నాయా పోశెట్టి గారూ?" అని మేడం అడిగింది.

"నా చెయ్యి పడ్డంక ఇగ కదులుతదా మేడం? లారీ చక్రమన్న ఊడుతది గని ఇది ఊడది."

మేడం నవ్వింది. లేచి వచ్చి చూడలేదు.

మొదట నా జోడు వంతు. నేను బల్ల మీద డబ్బాలో ఉన్నాను. మూడో రోజు తెర మీద తన కొలత గీతలన్నీ ఒక్కసారిగా పడిపోయాయి. పీపా తెరిస్తే, మూల నుంచి మూలకు పగులు.

"దాంట్లనే ఏదో లోపమున్నట్టుంది మేడం," అన్నాడు పోశెట్టి. మేడం రిపోర్టులో అదే రాసింది.

తర్వాత నా వంతు. నన్ను చట్రంలో పెట్టి బిగించాడు. చలి ఇంకా మొదలుకాలేదు, అయినా నాలుగు మూలలా చావు తెలుస్తోంది. మనుషులకు వినిపించేలా అరవడానికి నాకు నోరు లేదు. మూత పెట్టబోయి అతను ఆగాడు. మేడం వైపు ఓసారి చూశాడు. స్క్రూడ్రైవరు తీసి ఒక్కో స్క్రూనూ అర చుట్టు వెనక్కి తిప్పాడు.

"ఇంకా ఎంతసేపండీ?"

"దుమ్ము తుడుస్తున్న మేడం."

నాలుగు రోజులూ, రాగి ముడుచుకున్న ప్రతిసారీ ఇక అయిపోయాననే అనుకున్నాను. పగల్లేదు. మేడం సంతోషంతో పోశెట్టికి చాక్లెట్ ఇచ్చింది. తిన్నాడు.

నన్ను బతికించింది అతనే. అంటే నా జోడు ఎందుకు పగిలిందో అతనికి తెలుసు. తెలిసీ ఆ రిపోర్టును అలాగే ఉండనిచ్చాడు.

ఇప్పుడు నా పక్కన కొత్త పలకను పెట్టారు. రేపు ఇద్దరినీ కలిపి చల్లబరుస్తారు. స్క్రూలు ఈసారి ఎవరు బిగించారో నాకు కనిపించలేదు. తనకు ముందు ఈ చోట ఎవరుండేవారని కొత్త పలక అడిగింది. చెప్పలేదు. చెబితే నన్ను బతికించిన చేతి సంగతీ చెప్పాలి. ఇక ఎవరికీ చెప్పను.