పేరు చీటీ లేని తువ్వాల

పడుచు సాలోళ్ల చేతిపనులకు నుమాయిష్ అట! ఏడాది సంది నూలు దొరక్క సిద్దిపేటల మగ్గాలన్ని మూలవడితే ఎవడన్న పట్టించుకున్నడా? ఇప్పుడు డప్పు కొట్టిచ్చి మరీ పిలుస్తున్నరు. మగ్గమున్న ప్రతి ఇంట్ల నుంచి నేసిన బట్ట పట్టుకొని రావాలెనట, మంచిదానికి ఇనాం ఇస్తరట. రానోళ్ల ఇంటికి పోలీసోళ్లే వస్తరట. గా మాట వినంగనే నేను తలుపు గడియ పెట్టిన.

ఎందుకంటే మా ఆయన ఇంట్లనే ఉన్నడు. సర్కారు మీద తిరగవడ్డ సంగంల కలిసిండని పోలీసోళ్లు వెతుకుతున్నరు. మొన్న కోహెడ కాడ ఎంబడివడితే, భుజం మీది తువ్వాల జారిపోయినా తిరిగి చూడకుంట ఉరికొచ్చిండు. ఒళ్లంత కాలిపోయే జరం. మగ్గం గుంతల పండవెట్టి, పైన పలకలు పరిచి, నేను మా అత్త కొండవ్వ బయలెల్లినం. తువ్వాల సంగతి అత్తకు చెప్పలే. ఆమె అసలే చిన్నదానికి గుండెలు బాదుకునే మనిషి.

బడిల బల్లల మీద చీరెలు, తువ్వాలలు పరిచిన్రు. నెత్తిన కుండ పెట్టుకున్న గొల్లభామల బొమ్మలు అంచుల పొంటి నిలవడ్డయి. ఒక్కొక్కదాని పక్కన నేసినోని పేరు చీటీ. "అబ్బ, రాజనర్సుది ఏం చెయ్యే!" అని అత్త మురిసిపోయింది. నేను చివరి బల్ల దిక్కు చూసిన. నా పాణం గాడనే పోయింది.

చీటీ లేని తువ్వాల. మా ఇంట్ల నేసిన గా తువ్వాలలనే కదా నేను మా ఆయనకు జొన్నరొట్టెలు కట్టిచ్చింది! అంచు కాడ ఒక పోగు పైకి గుంజి ఉన్నది. గోడకు ఆనుకొని పోలీసు అమీన్ సాబు సిగరెట్టు తాగుతుండు. ఆయన బట్టలు చూస్తలేడు, మా చేతులు చూస్తుండు.

మా సాలోళ్లల్ల ఒకలు నేసిన బట్టకు పోగు లేస్తే ఇంకొకలు ముట్టరు. నేసినింటోళ్లే సర్దాలె. అందుకే గాడున్నోళ్లంత చేతులు ఎనుకకు పెట్టుకున్నరు. ఈ సంగతి అమీనుకు ఏ పాపిష్టోడు చెప్పిండో, వాని నోట్ల మన్నువడ!

"అత్తా, కండ్లు తిరుగుతున్నయి, ఇంటికి పోదాం పా" అని కొంగు గుంజిన.

"ఆగవే. అయ్యో, గిట్లనే పెడ్తరా?" అనుకుంటనే అత్త వంగింది. పోగును గోటితోని లోపలికి నొక్కి, పిలగాని తల నిమిరినట్టు అంచు నిమిరింది. నేను చెయ్యి పట్టుకున్న గని, అప్పటికే అయిపోయింది.

అమీను దగ్గరికొచ్చిండు. "మంచిగ సర్దినవు అవ్వా. ఎవరు నేసిన్రు?"

అత్త మొఖంల నెత్తురు లేదు. "నాకెరుక లేదు, దొరా."

"లేకుంటే ఏమాయె? ఇనాం నీదే." పెద్ద రాగిబిందె తెప్పిచ్చిండు. "ముసలిదానివి, నువ్వెట్ల మోస్తవు? మా జవాన్లు మీ ఇంట్ల పెట్టొస్తరు. ముందుగాల నడువు."

ఒకడు బిందె ఎత్తుకున్నడు. మిగిలినోళ్ల భుజాల మీద తుపాకులు. అత్త నా చెయ్యి గట్టిగ పట్టుకొని నడిచింది. మా గల్లీ వచ్చింది. ఆమె గల్లీ దిక్కు చూడనన్న చూడలే, సక్కగ ముందుకే పోయింది. ఓ నా తల్లీ, అనుకొని నేను తల వంచుకొని ఎంబడి పోయిన.

ఎనుక బూట్ల చప్పుడు ఆగింది.

"కొండవ్వా," అన్నడు బిందె మోసేటోడు నిమ్మలంగ, "గల్లీ దాటిపోతున్నవేంది?"

ఆమె పేరు మేం ఎవ్వలం చెప్పలే.