పడుగు మీదికొచ్చిన ఫట్‌ఫటీ

వాసుదేవ్ ఫట్‌ఫటీ కొన్న వారంలోనే దాని సైలెన్సర్ ఊడబీకించాడు. అది ఉంటే బండి గొంతు నొక్కినట్టుంటుందని అతని మాట. మిలిటరీ పల్టన్ వాళ్లు అమ్మేసిన పాత మోటార్‌సైకిల్ అది. అసలే పెద్ద గొంతు. సైలెన్సర్ పోయాక గల్లీ మొదట్లో కిక్కు కొడితే గల్లీ చివర ఉట్టి మీది కుండలు అదిరేవి. చంటిపిల్లలు గుక్కపట్టి ఏడ్చేవాళ్లు. అయినా ఎవరూ నోరెత్తలేదు. ఎందుకంటే వాసుదేవ్ సావకార్ విఠలయ్య కొడుకు. విఠలయ్యకు కుంఠా నాకా దగ్గర కరెంటు మగ్గాల కార్ఖానా ఉండేది. అది కాక గల్లీలో సగం ఇళ్లకు నూలిచ్చి చేతిమగ్గాల మీద చీరలు నేయించేవాడు. అన్నం పెట్టే ఇంటి చప్పుడు చప్పుడు కాదు అనుకునేవాళ్లు జనం.

పెంటప్ప కూడా అలా అనుకున్నవాడే. అతను విఠలయ్య నూలు నేసేవాడు. పెళ్లాం గోదావరి గడపలో కూర్చుని బీడీలు చుట్టేది. పెంటప్ప ఎంత మెత్తనో గోదావరి అంత గట్టి. "దానికి కోపం ఎక్కువ" అని గల్లీలో పేరు. "నాకు ఎక్కువ కాదు, మీకు తక్కువ" అనేది గోదావరి.

యాభై ఆరులో, కార్తీకమాసంలో ఒక ఐతారం నాడు పెంటప్ప ఎవరిదో ఎడ్లబండి అడిగి తెచ్చాడు. గోదావరిని, పక్కింటి యల్లమ్మను ఎక్కించుకుని తుల్జాపూర్ రోడ్డున చెరువుకు బయలుదేరాడు. ఊరు దాటాక ఆ రోడ్డుకు రెండు వైపులా చెట్లు. కొమ్మలు పైన కలిసిపోయి, ఎండ కింద చుక్కలు చుక్కలుగా పడుతుంది. కొంత దూరం పోయాక ఎడమ చేతి పక్కన నీళ్లు మెరుస్తాయి. ఆ గాలి తగిలితే గోదావరికి ప్రాణం లేచొచ్చేది. తంబాకు ఘాటు లేని గాలి ఆమెకు ఏడాదికి ఒక్కసారే దొరికేది.

"పాట పాడవే యల్లమ్మక్కా" అంది గోదావరి. యల్లమ్మ గొంతు సవరించుకుంది.

అప్పుడే వెనక నుంచి వచ్చింది ఆ చప్పుడు. ముందు దూరంగా, తర్వాత చెట్లన్నీ కలిసి మొత్తుకున్నట్టు. వాసుదేవ్ ముందు, అతని దోస్తు ఇంకో బండి మీద వెనక. ఎడ్లను చూసి వేగం తగ్గించలేదు సరికదా, సరిగ్గా బండి పక్కకొచ్చాక వాసుదేవ్ ఇంజన్ ఇంకా రేజు చేశాడు. ఎడ్లు చెవులు రిక్కించి, ఒక్కసారిగా రోడ్డు దిగి పరుగెత్తాయి. పెంటప్ప పగ్గాలు పట్టుకుని "ఓహో, ఓహో" అని అరుస్తూనే ఉన్నాడు. చక్రం కాలువలో పడింది. బండి పక్కకు ఒరిగింది. గోదావరి కుడిచేయి కిందపెట్టి పడింది. మణికట్టులో ఏదో పుటుక్కుమంది.

వాసుదేవ్ కొంచెం ముందుకు పోయి ఆగాడు. తల తిప్పి చూశాడు.

"ఎడ్లను పట్టరానోనివి రోడ్డు మీదికి ఎందుకు తెచ్చినవ్, పెంటప్పా?" అని అక్కడి నుంచే అరిచాడు. దోస్తు నవ్వాడు. ఇద్దరూ చెరువు వైపు వెళ్లిపోయారు. వాళ్లు కనబడకుండా పోయాక కూడా చాలాసేపు ఆ చప్పుడు నీళ్ల మీది నుంచి వినబడుతూనే ఉంది.

కుస్తీల తాలీంలో ఎముకలు కట్టే పైల్వాన్ గోదావరి చేతికి వెదురు బద్దలు పెట్టి కట్టాడు. "పని చేయొద్దు బాయీ" అన్నాడు. చెప్పాల్సిన అవసరం లేదు. ఆ చేత్తో బీడీ ఆకు పట్టుకోవడమే రాలేదు.

మర్నాడే గోదావరి విఠలయ్య ఇంటికి బయలుదేరింది. పెంటప్ప వెనక నడిచాడు, వద్దు వద్దంటూనే.

విఠలయ్య ఉయ్యాల బల్ల మీద కూర్చుని ఉన్నాడు. మంచివాడే. పండగకు ఇంటింటికీ చక్కెర పంపేవాడు. గోదావరి చేతి కట్టు చూసి "అయ్యో, ఏమైంది బిడ్డా?" అన్నాడు.

గోదావరి జరిగింది చెప్పింది. "సైలెన్సర్ పెట్టియ్యుండ్రి సావకార్. నేను ఇంకేం అడగ."

విఠలయ్య మేడ మీదికి కేక వేశాడు. వాసుదేవ్ పిట్టగోడ దగ్గరికొచ్చి కిందికి చూశాడు. తల తడిగా ఉంది, భుజం మీద టవలు.

"నిన్న చెరువు రోడ్డుకు పోయినవారా?"

"లేదు నాయినా. నేను పోలె. ఇంకెవరో అయ్యుంటరు."

అబద్ధం అంత సులువుగా, తల తుడుచుకుంటూ చెప్పొచ్చని గోదావరికి తెలియదు.

"పేరు పెట్టి పిలిచినవ్ గదరా!" అంది. "మా ఆయనను పేరు పెట్టి పిలిచినవ్! నేను పడ్డది నువ్వు సూడలేదా?"

"వదినె పరేషాన్‌ల ఉన్నది నాయినా," అన్నాడు వాసుదేవ్. "అయినా ఒక్క మాట. మన కార్ఖానల మగ్గాలు పొద్దంత మోగుతయి. దానికి లేని తక్లీఫ్ నా బండికే వచ్చిందా?"

"మగ్గం మోగితె పొయ్యి మండుతది. నీ బండి మోగితె ఏం మండుతది? నా కడుపు!"

"బస్," అన్నాడు విఠలయ్య. "మావాడు లేనంటున్నడు. రోడ్డు సర్కారుది, ఎవ్వలైన పోతరు. ఎవ్వలని పట్టుకుంటం? పెంటప్పా, ఇంటికి తీస్కపో."

పెంటప్ప మోచేయి పట్టుకున్నాడు. గోదావరి విదిలించుకుంది. ఇంటికొచ్చాక తలుపు వేసి నిలదీసింది.

"నువ్వు సూసినవ్ గద. ఒక్క మాట ఎందుకనలె?"

"ఏమంటనే? ఆయన నూలే గద నా మగ్గం మీదున్నది."

"నూలు ఆయనది. కండ్లు గూడ ఆయనవేనా?"

పెంటప్ప మగ్గం గుంతలో దిగి కూర్చున్నాడు. ఆ రోజు నేత నడిచింది గానీ చప్పుడు తప్పు తప్పుగా వినబడింది.

ఆ తర్వాతి రోజులు గోదావరికి నరకం. పని లేని చేయి ఒళ్లో పెట్టుకుని గడపలో కూర్చోవడం ఒక నరకమైతే, పొద్దున్నే ఆ ఫట్‌ఫటీ గల్లీలోంచి పోవడం ఇంకోటి. చప్పుడు వినగానే విరిగిన ఎముక దగ్గర సలుపు లేచేది. మరీ ఒళ్లు మండే సంగతి ఇంకొకటుంది. గల్లీలో తెల్లవారగానే పడుగులు సాచేవారు. ఈ కొస నుంచి ఆ కొస దాకా దారాలు నడుమెత్తున బిగించి కట్టి, గంజి పట్టించి, ఇద్దరు మనుషులు చెరో పక్క నడుస్తూ కుంచెతో దువ్వేవారు. తడి ఆరేదాకా పడుగును కదిలించకూడదు. కదిలిస్తే దారాలు ఒకదానికొకటి అంటుకుపోతాయి. తాతల నాటి నుంచి గల్లీలో ఎవరొచ్చినా పడుగును చూసి ఆగేవారు, లేదా చుట్టూ తిరిగి పోయేవారు. పాలవాడు సైకిల్ దిగి గోడ వారగా నడిపించుకు పోయేవాడు. ఫట్‌ఫటీ వస్తే మాత్రం నేతగాళ్లే తాడు విప్పి, తడి పడుగును గోడకు లాగి దారిచ్చేవారు. అది పోయాక గొణుక్కుంటూ, అంటుకున్న దారాలు విడదీసుకునేవారు.

అది చూసినప్పుడల్లా గోదావరి పళ్లు కొరికేది. "సిగ్గు లేదా మీకు?" అని అరిచింది ఒకసారి. మగవాళ్లు తల దించుకుని దారాలు విడదీసుకున్నారు.

ఒక పొద్దున పెంటప్ప పడుగు సాచాడు. కొత్త పడుగు, పెద్దది. యల్లమ్మ కొడుకూ అతనూ గంజి పట్టించి దువ్వుతున్నారు. సగం పని కూడా కాలేదు, సావకార్ మేడ దగ్గర కిక్కు కొట్టిన చప్పుడైంది. పెంటప్ప అలవాటుగా కుంచె కింద పెట్టి, కొయ్యకు కట్టిన తాడు దగ్గరికి నడిచాడు.

"తాడు ముట్టకు," అంది గోదావరి.

గడప దిగి వచ్చి కొయ్య ముందు నిలబడింది. కట్టు కట్టిన చేయి మెడకు వేలాడుతోంది.

"జరగవే. పోనీ, రోజూ దారి ఇస్తున్నదే గద."

"అందుకే ముట్టకు. ఇయ్యాల మనం కదలం. వాడు దిగి నడవని."

పెంటప్ప ఆమె ముఖం చూశాడు. తాడు మీది చేయి తీశాడు. ఎందుకు తీశాడో అతనికే తెలియదు. కానీ తీసి, వచ్చి ఆమె పక్కన నిలబడ్డాడు.

వాసుదేవ్ వచ్చి పడుగు ముందు బండి ఆపాడు. ఇంజన్ ఆపలేదు. "తియ్యుండ్రి," అన్నాడు. ఎవరూ కదలలేదు. రేజు చేశాడు. పొగ గల్లీ అంతా కమ్మింది. గడపల్లోంచి ఆడవాళ్లు ఒడిలోని బీడీల చాటలు పక్కన పెట్టి లేచి వచ్చారు. యల్లమ్మ వచ్చి గోదావరికి ఇంకో పక్క నిలబడింది.

"తియ్యమంటున్న గద!"

"దిగు," అంది గోదావరి. "దిగి గోడ పొంటి నడిపిచ్చుకపో. పాలోడు పోతలేడా?"

"నేను పాలోన్నా?"

"పాలోడు నయ్యం!"

ఎవరో నవ్వారు. ఆ నవ్వే పని చెడగొట్టింది. వాసుదేవ్ ముఖం ఎర్రబడింది. బండిని పక్కకు తిప్పాడు. గోడకూ పడుగుకూ మధ్య సందులోంచి దూసుకుపోదామనుకున్నాడు. ఆ సందు సైకిల్‌కు సరిపోతుంది, ఫట్‌ఫటీకి సరిపోదు. హ్యాండిల్ దారాల్లో చిక్కింది. బండి ఆగలేదు. దారాలు గుంపులు గుంపులుగా తెగుతూ చక్రానికి, చైనుకు చుట్టుకున్నాయి. చక్రం పట్టేసింది. బండి ధడాలున పడింది. వాసుదేవ్ గంజిలో బోర్లా పడ్డాడు.

ఇంజన్ ఆగిపోయింది. పెంటప్ప తెగిన కొసలు చేతిలోకి తీసుకుని అలాగే కూర్చుండిపోయాడు. నేతగాడి ముందు పడుగు తెగడమంటే చూడలేని సంగతి.

విఠలయ్య చెప్పులు లేకుండానే పరుగెత్తి వచ్చాడు. కొడుకు మోకాలి మీది రక్తం చూశాడు, తర్వాత నేల మీది నూలు చూశాడు. ఆయన తండ్రి కూడా ఒకప్పుడు ఈ గల్లీలోనే పడుగు సాచినవాడు. నూలు చూడగానే ఆయన కాళ్లు అక్కడే ఆగాయి.

"పడుగు మీదికి బండి తోలినవారా?" అన్నాడు. "సాలోని కడుపున పుట్టి పడుగు తొక్కినవా?" చెంప మీద ఫట్టుమని కొట్టాడు. పెంటప్ప వైపు తిరిగి "తప్పయిందిరా పెంటప్పా. ఈ నూలు లెక్క నీ మీద ఉండదు. వేరే నూలు పంపుత" అన్నాడు.

గల్లీ అంతా ఊపిరి పీల్చుకుంది. ఇక అయిపోయిందనుకున్నారు.

"మరి నా చెయ్యి?" అంది గోదావరి.

విఠలయ్య ఆమె వైపు చూశాడు. "ఇప్పుడు ఆ ముచ్చట ఎందుకు బిడ్డా..."

"ఎందుకా? నూలు తెగితె ఉరికొస్తిరి. కొడుకును కొడితిరి. తప్పయిందంటిరి. నా ఎముక ఇరిగితె ఉయ్యాల మీదికెల్లి లేవకపోతిరి! నూలు మీది గాబట్టి మీకు నొచ్చింది. చెయ్యి నాది గాబట్టి రోడ్డు సర్కారుదాయె!"

యల్లమ్మ భుజం పట్టుకుంటే గోదావరి తోసేసింది.

"నేను సూసిన సావకార్," అన్నాడు పెంటప్ప. కూర్చున్నచోటే, చేతిలో దారాలు పట్టుకునే అన్నాడు. "ఆ దినం మీ వాసుదేవే. నన్ను పేరు పెట్టి పిలిచిండు. నేను మీ ఇంట్ల నోరు తెరవలె. నాది గూడ తప్పే."

విఠలయ్య కొడుకు వైపు తిరిగాడు. "ఆ దినం నువ్వు ఉన్నవారా?"

వాసుదేవ్ నేల చూశాడు. "ఉన్న."

"మరి లేనని ఎందుకన్నవ్?"

గోదావరి నాలుగడుగులు ముందుకేసి, కట్టు చేయి అతని ముఖం ముందు పెట్టింది.

"సూడు. ఆ దినం దూరం కెల్లి సూసినవ్. ఇప్పుడు దగ్గర సూడు."

అతను చూశాడు. వాచిన వేళ్లు, బద్దల అంచు కోసుకుపోయి నల్లబడ్డ చర్మం. పెదవులు కదిలాయి.

"వినబడలె," అంది గోదావరి. "నీ బండి అశోక్ చౌక్ దాక వినబడుతది. నీ మాట నాకు గూడ వినబడకపోతె ఎట్ల?"

"తప్పయింది వదినె," అన్నాడు వాసుదేవ్, ఈసారి అందరికీ వినబడేలా.

విఠలయ్య బండి లేపమని కొడుక్కి చేత్తో సైగ చేశాడు. చక్రం తిరగకపోతే ఇద్దరూ కలిసి దాన్ని ఈడ్చుకుంటూ ఇంటికి తీసుకుపోయారు.

రెండు రోజుల్లో బండికి సైలెన్సర్ వచ్చింది. పడుగు ఉన్నప్పుడు వాసుదేవ్ గల్లీ మొదట్లోనే దిగి నడిపించుకు పోయేవాడు. గోదావరిని చూస్తే తల తిప్పుకునేవాడు. అతని దోస్తు మాత్రం వేరే పేట పిల్లగాడు. చెరువు రోడ్డు మీద వాడి బండి ఎప్పటిలాగే మోగుతుందని చూసొచ్చినవాళ్లు చెప్పారు.

కట్టు విప్పాక గోదావరి మణికట్టు ఒక పక్కకు వంకరగా నిలిచింది. మళ్లీ బీడీల చాట ఒళ్లో పెట్టుకుంది గానీ వేళ్లు మాట వినలేదు. యల్లమ్మ తన బీడీలు కట్టలు కట్టే వేళకు ఆమె చాట సగం కూడా నిండేది కాదు.

"గెలిచినవ్ గదనే," అంది యల్లమ్మ ఒక మధ్యాహ్నం. "సావకార్ కొడుకు గల్లీల నిలబడి తప్పొప్పుకున్నడు. ఎవ్వలికన్న అయ్యే పనా? ఇంక ఆ ముఖమెందుకట్ల?"

"గెలిస్తె చెయ్యి సక్కగయితదా?" అంది గోదావరి.

కత్తెర ఎడమ చేతిలోకి మార్చి ఆకు కోసింది. వంకరగా తెగింది. దాన్ని విసిరికొట్టి, బూతు తిట్టి, ఇంకో ఆకు తీసింది.