నల్లగీత లోపల చౌడప్ప

కొత్తగా కంప్యూటర్ నేర్చుకున్నవాళ్లకు కొన్నాళ్లపాటు ఒక జబ్బు ఉంటుంది. కంటికి కనిపించిన ప్రతిదానికీ గీతలు కొట్టి, గడులు చేసి, పైన లావు అక్షరాలతో ఒక పేరు పెట్టాలనిపిస్తుంది. ఉషారాణికి ఆ జబ్బు బాగా ముదిరింది. మదనపల్లెలో ఆమెకు కంప్యూటర్ నేర్పిన సాయిప్రసాద్ సారు "గీత లేని గడి గట్టు లేని చేను మాదిరి" అని పాఠం మొదలుపెట్టేవాడు. ఆయన ఎన్నో చెప్పాడుగానీ ఉషారాణికి అదొక్కటే నరనరాన ఎక్కింది.

సోమలలో ఆమె అత్తగారింట్లో పట్టుపురుగుల షెడ్డు ఉంది. కోడలు ఉద్యోగానికి పోతానంటే అత్త నారాయణమ్మ కాదనలేదు. "ఒక నెల సూస్తా. నిలబడితే సరే. లేదంటే నోరుమూసుకోని వచ్చి పురుగులకు ఆకెయ్యి" అంది. ఉషారాణికి పురుగులంటే అసహ్యం లేదు. అవి పగలూ రాత్రీ కరకరా ఆకు నమిలే చప్పుడు వింటుంటే మాత్రం, తన బతుకునే నమిలేస్తున్నట్టు ఉండేది. కాబట్టి ఈ నెల ఆమెకు చావోరేవో.

ఉద్యోగం పుంగనూరులో, చౌడప్ప బస్సుల ఆఫీసులో. 2003వ సంవత్సరం. మదనపల్లె నుంచి పుంగనూరు మీదుగా కుప్పానికి చౌడప్ప బస్సులు తిరిగేవి. వాటి టైములను బస్టాండు బోర్డు మీద ఎనామిల్ పెయింటుతో రాసేది మేనేజరు ఆదినారాయణ. ఆయన చేతిరాత ముత్యాలే, కాదనడానికి లేదు. కాకపోతే టైము మారినప్పుడల్లా పాత అంకె మీదే కొత్త అంకె దిద్దేవాడు. పోనుపోను ఆరు ఏదో ఎనిమిది ఏదో ఆ దేవుడికే తెలియాలి. జనం బోర్డు చూడడం మానేసి పక్కనున్న టీకొట్టు మునికృష్ణను అడిగేవాళ్లు. టీ తాగినవాళ్లకు అతను సరైన టైము చెప్పేవాడు. తాగనివాళ్లకు "వస్తాదిలే" అనేవాడు.

ఈ బాధ పడలేకే చౌడప్ప కంప్యూటర్ కొన్నాడు. "సూడంగానే అర్థమయ్యే మాదిరి టైం టేబుల్ చెయ్యి పాపా. అన్ని ఊర్లలో అంటిద్దాం. బాగుంటే నీ ఉద్యోగం పర్మినెంటు" అని ఉషారాణికి చెప్పాడు. ఆదినారాయణ మొహం మాడిపోయింది.

మొదటిసారి ఆమె 6.10 అని కొడితే, ఆ ఎక్సెల్ అనే మహాతల్లి చివరి సున్నా మింగేసి 6.1 అని చూపించింది. గడి వెడల్పు చాలనిచోట అంకెలే మాయమై అడ్డగీతలూ నిలువుగీతలూ కలిసిన గుర్తులు వరసగా వచ్చాయి.

"ఆరూ ఒకటికి బస్సా? పాసెంజర్లు పరిగెత్తుకుంటా రావాల్నేమో!" అన్నాడు ఆదినారాయణ. "ఈడ సూడు, నీ కంప్యూటరు ముగ్గు పెట్టింది."

ఉషారాణి ఏడవలేదు. గడులు వెడల్పు చేసింది, సున్నాలను మింగకుండా కట్టడి చేసింది. ఆ ఊపులో ఒక్కో ఊరికి ఒక్కో రంగు పూసింది. మదనపల్లెకు ఎరుపు, పుంగనూరుకు పచ్చ, కుప్పానికి నీలం. తెర మీద గంగజాతర కళకళలాడింది. జిరాక్సు తీయిస్తే రంగులన్నీ నల్లబడి, మసి పట్టిన పెనంలాగా వచ్చింది. అప్పుడు గుర్తొచ్చింది సారు చెప్పిన రెండో మాట: రంగు తక్కువైతే చదివేవాడి కంటికి సుఖం ఎక్కువ. సిగ్గుపడి రంగులన్నీ తుడిచేసింది. ఊళ్లన్నీ ఎడమవైపు ఒక వరస, టైములన్నీ ఒకదాని కింద ఒకటి నిటారుగా, మధ్యలో సన్నని గీతలు, చుట్టూరా వేలెడు లావున ఒక నల్లగీత. చూస్తే కడిగిన గచ్చులాగా ఉంది. అంత శుభ్రమైన పని ఆమె జన్మలో చేయలేదు.

చౌడప్ప కళ్లజోడు పెట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. "శానా బాగుండాది. కానీ ఇది ఎవురి బస్సని జనానికి తెలియాల గదా? పైన నడిమధ్యలో నా ఫోటో పెట్టు. కింద పేరు లావుగా రాయి."

"టైం టేబుల్ అనే మాట యాడ పెట్టేది అప్పా?"

"యాడో ఒక మూల పెట్టు. బస్సు టైములని సూస్తే తెలీదా?"

యజమాని ఫోటో, పేరు, చుట్టూ నల్లగీత. ఆ కాగితాన్ని ఉషారాణి చూసింది, చౌడప్ప చూశాడు, ఆదినారాయణా చూశాడు. గడుల ధ్యాసలో ఆమెకు, తన మొహం ధ్యాసలో చౌడప్పకు ఏమీ తట్టలేదు. ఆదినారాయణకు తట్టిందో లేదో నాకు తెలియదుగానీ, ఆయన ఆ రోజు మామూలుకన్నా ఎక్కువ నవ్వాడు. సాయంత్రం బస్సులతోపాటే ఆ కాగితాలు దారిపొడవునా కొట్లలో, స్టాపుల్లో అంటుకున్నాయి. చౌడప్ప బంధువుల గృహప్రవేశానికని హార్స్లీ హిల్స్ పోయాడు.

మన వైపు శుభలేఖకు నాలుగు మూలలా పసుపు పూస్తాం. నల్లగీత కట్టిన కాగితం వచ్చిందంటే మనిషి పోయాడని అర్థం, చదవను కూడా అక్కర్లేదు. దాన్ని ఇంట్లో ఉంచుకోకూడదు, చూసీ చూడగానే చించిపారేయాలి. మర్నాడు తెల్లారి పాలు పోసేదానికి వచ్చిన ఎల్లమ్మ టీకొట్టు గోడ మీద ఆ కాగితం చూసి "అయ్యో, చౌడప్ప పోయినాడే!" అని కేక పెట్టింది. మునికృష్ణ గబగబా చించి కాలవలో వేసి, కొట్టుముందు నీళ్లు చల్లుకున్నాడు. మదనపల్లె నుంచి కుప్పం దాకా ఇదే కథ. పొద్దెక్కేసరికి దారిలో ఒక్క టైం టేబులూ మిగలలేదు. చౌడప్పకు ఫోన్ చేస్తే కొండ మీద సిగ్నల్ లేదు. దాంతో వార్త రూఢి అయిపోయింది.

ఉషారాణి ఆఫీసుకు వచ్చేసరికి వాకిలి నిండా జనం, పూలదండలు. "ఆ కాగితం నేనే చేసినాను, బస్సు టైములు అవి" అని మొత్తుకుంటే "పాపం, పిల్లకు మతి చెదిరింది" అని ఒకామె తల నిమిరింది. ఉషారాణి చెవిలో పట్టుపురుగుల చప్పుడు మొదలైంది.

అంతలో ఎవరూ అనుకోని మనిషి వచ్చాడు. కుప్పం కదిరప్ప. ఒకప్పుడు ఒకే లారీకి చౌడప్ప డ్రైవరు, కదిరప్ప క్లీనరు. తర్వాత చెరో బస్సు కొన్నారు. పుంగనూరులో చౌడప్ప బస్సుకు అయిదు నిమిషాల ముందు కదిరప్ప తన బస్సు తీసినందుకు ఇద్దరికీ మాటల్లేకుండా పోయాయి. ఏళ్లు గడిచాయి. అలాంటి కదిరప్ప ఆ పొద్దు తన బస్సులన్నీ ఆపేసి, బనీను మీద తువ్వాలు వేసుకుని వచ్చి, గడపలో కూలబడ్డాడు.

"అయిదు నిమిసాల కోసరం మొహం సూసుకోకుండా పోతిమే అన్నా! ఎవురితో కొట్లాడేది నేనింక?" అని గుండెలు బాదుకున్నాడు. అక్కడున్నవాళ్లందరికీ దుఃఖం ఆగలేదు. ఏడుపు కాని ఏడుపు ఉషారాణికి కూడా వచ్చేసింది.

సరిగ్గా అప్పుడు జీపు దిగాడు చౌడప్ప, చేతిలో గృహప్రవేశం వాళ్లిచ్చిన లడ్డూల సంచితో.

కొంతమంది కేకలు పెట్టారు, ఒకాయన గోడ దూకాడు. చౌడప్ప జనాన్ని చూశాడు, దండలు చూశాడు. "ఎవురప్పా పోయింది?" అన్నాడు భయంగా. ఆదినారాయణ దాచిపెట్టిన కాగితం ఒకటి తీసి చేతికిచ్చాడు. "సూడండి అప్పా, ఈయమ్మ మిమ్మల్ని సంపేసింది. పనిలోనుంచి తీసేయండి. ఇట్లాంటిది ఇంగొకటి సేస్తే ఆఫీసే ఉండదు."

చౌడప్ప ఆ నల్లగీత వెంబడి వేలు పెట్టి ఒక చుట్టు తిప్పాడు. ఉషారాణి చేతులు కట్టుకుని నిలబడింది. తప్పు తనదేనని తెలుసు. చక్కగా చేయడం నేర్చుకుందిగానీ, చూసేవాడి కళ్లతో చూడడం నేర్చుకోలేదు. ఆ మాటే చెప్పబోయింది.

ఈలోగా చౌడప్ప ఆమెను దాటుకుని గడప దగ్గరికి పోయాడు. కదిరప్ప ఇంకా అక్కడే నోరు తెరుచుకుని కూర్చుని ఉన్నాడు, కళ్లనీళ్లు గడ్డంలోకి కారుతున్నాయి.

"నా కోసరమా రా, నువ్వేడిసింది?"

"ఇంగెవురి కోసరం? బతికే ఉండావా, పాపిష్టోడా!" అని కదిరప్ప తెచ్చిన దండతోనే ఆయన్ని ఒక్కటి బాదాడు. పూలు వాకిలంతా రాలాయి. ఆ తర్వాత ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

లడ్డూలు అందరికీ పంచేశారు. జనం వెళ్లిపోతున్నా ఉషారాణిని ఎవరూ పలకరించలేదు. ఆమె లోపలికి పోయి సంచి సర్దుకుంటోంది. వెనకే మెల్లగా కదిరప్ప వచ్చాడు. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

"అమ్మా, నాకూ అట్లాంటిదే ఒకటి సేసియ్యి తల్లీ. నా ఫోటో తెస్తా. నల్లగీత ఇంగా లావుగానే కొట్టు."

"యాలప్పా?"

"ఎవురెవురు వస్తారో నేనూ సూడాల."

అతను నవ్వడం లేదు. ఉషారాణి సంచి మూతి ముడేసింది. "నన్ను పనిలోనుంచి తీసేస్తాండారప్పా. నాకే తెలీదు, రేపు యాడ ఉంటానో."

కిటికీ పక్కనే నిలబడి అంతా విన్నట్టున్నాడు, వాకిట్లోనుంచి చౌడప్ప గట్టిగా అరిచాడు, ఆదినారాయణకూ ఊరికీ వినపడేట్టు.

"రేయ్ కదిరప్పా! నీకు సావు కావాల్నంటే యాడన్నా తెచ్చుకో. నా క్లర్కును మాత్రం అడగద్దు. ఆ పాపకు ఈడే శానా పనుండాది!"