తాగి పడ్డాడని రాశారు

గోదాంలో ధాన్యం బస్తాలు కూలడం సమ్మవ్వ కళ్లారా చూసింది. వాటి కింద ఆమె తమ్ముడు చందర్ ఉన్నాడు. అంత ఎత్తు పేర్చొద్దని పొద్దున్నే మిల్లు యజమాని శివప్రసాద్‌కు చెప్పింది అతనే. "మబ్బు పట్టింది, బయట ఒక్క బస్తా ఉండొద్దు" అన్నాడు శివప్రసాద్. బస్తాలు తీసేసరికి చందర్‌లో ఊపిరి లేదు.

తెల్లారి బాన్సువాడ బస్టాండు చాయ్ హోటల్లో చందర్ తోటి హమాలీ బాలరాజ్ పేపరు చదువుతూ ఆగిపోయాడు.

"ఏం రాసిండ్రే?" అంది సమ్మవ్వ. ఆమెకు చదువు రాదు.

"మద్యం మత్తులో జారిపడి హమాలీ మృతి అని రాసిండ్రక్కా."

చందర్ కల్లు కూడా ముట్టడు. శవం ఇంకా దవాఖానలోనే ఉంది. సమ్మవ్వ ఆ పేపరు మడిచి బొడ్లో దోపుకుని నేరుగా విలేకరి నరేష్ ఇంటికి నడిచింది.

నరేష్ ఫోన్ తీసి చూపించాడు. "బస్తాలు కూలినయనే పంపిన అక్కా. పైనోళ్లు మార్చిండ్రు."

"ఎందుకు మార్చిండ్రు?"

అతను తలుపు దగ్గరికేశాడు. "మిల్లులోళ్ల యాడ్లు లేకుంటె జిల్లా పేజీ నడవది. ఆ యాడ్లు అడుక్కొచ్చేది గూడ నేనే. నా పేరు చెప్పకు."

దహనమైన మర్నాడు హమాలీ సంఘం గది నిండిపోయింది. డిగ్రీ చదువుతున్న బాలరాజ్ బిడ్డ వర్ష హోటల్లోని పాత పేపర్లన్నీ తెచ్చి నేల మీద పరిచింది. మిల్లుల యాడ్లకు ఎర్ర పెన్నుతో గీతలు పెట్టింది. శివప్రసాద్ బడిపిల్లలకు నోటుబుక్కులు పంచిన ఫొటో నెలలో మూడుసార్లు వచ్చింది. మిల్లుల్లో దెబ్బతిన్నవాళ్ల ముచ్చట ఒక్క లైను లేదు.

"పేపరోళ్లతోని మనకేం లొల్లి? మిల్లోనితోనే తేల్చుకుందాం" అన్నాడు ముసలి హమాలీ నర్సింలు.

"పేపరు తాగిండని రాస్తె పోలీసులు గదే రాస్తరు, పరిహారం తేల్చే ఆఫీసరు గదే రాస్తడు తాతా. మిల్లోడు నోరు తెరవకుండనే గెలుస్తడు" అంది వర్ష.

సమ్మవ్వ వర్ష వైపు తిరిగింది. "నేను చెప్త. నువ్వు రాయి."

మూడు పెద్ద కాగితాలయ్యాయి. మార్కెట్ యార్డు గోడకు అంటించారు. బీర్కూర్ బస్సు దిగినవాళ్లు నిలబడి చదివారు. చదవరానివాళ్లు చదివించుకున్నారు. యార్డులోనూ మిల్లుల్లోనూ హమాలీలు లారీలకు బస్తాలెత్తడం ఆపేశారు.

ఎస్సై జీపు దిగాడు. "ఎవరు రాసిండ్రు ఇది?"

"చెప్పింది నేను" అంది సమ్మవ్వ. "గా కాగితాలల్ల ఏ మాట అబద్ధమో సదువు సారూ. అందరు వింటరు."

ఎస్సై చదవలేదు. కాగితాలు చింపించి, వర్షనూ బాలరాజ్‌నూ జీపెక్కించాడు.

మర్నాటి పేపర్లో 'మిల్లుల వద్ద అల్లరిమూకలు' అని వచ్చింది. తన మాట రాసినందుకే పరాయి పిల్ల ఠాణాలో కూర్చుందని సమ్మవ్వకు తెలుసు. అయినా యార్డుకు వచ్చింది. నరేష్ బైకు మీద పోతూ తల తిప్పుకున్నాడు. ఆమె పిలవలేదు.

గోడ దగ్గర నర్సింలు కొత్త కాగితం అంటిస్తున్నాడు. అప్పుడే వర్ని ఊరి నుంచి దేవీబాయి అనే ఆమె వచ్చింది. మిల్లు బెల్టులో పడి ఆమె కుడి చెయ్యి మోచేతి దాకా పోయింది.

"నా సంగతి గూడ రాయుండ్రి" అంది.

నర్సింలు పెన్ను మూత తీశాడు. "మెల్లగ చెప్పు చెల్లే. నాకు జల్ది రాయరాదు."

దేవీబాయి చెప్పడం మొదలుపెట్టింది. జనం దగ్గరికి జరిగారు. యార్డు లోపల లారీలు ఎక్కడివక్కడే నిలబడి ఉన్నాయి.