ఫల్గుణ కట్టిన దడి

తల్లి పోయాక అన్నదమ్ములకు మిగిలినవి రెండు ఆడ మేకలు. రెండూ ఒక్క ఈతలో పుట్టినవి, ముసలమ్మ చేతి మేత తిని పెరిగినవి. ఒకటి కంటికి కనబడకపోతే రెండోది ఆకు ముట్టదు. పాడేరుకు పైన, జీపు కూడా ఎక్కలేని ఆ కొండ ఊళ్లో ఈ సంగతి తెలియనివాళ్లు లేరు.

తెలిసీ విడదీశాడు తమ్ముడు ఫల్గుణ. కోపం అట్లాంటిది మరి! తల్లి దినానికి అన్న సోంబరు ఒక్క మాటైనా అడక్కుండా వాటితో ఉన్న మేకపోతు పిల్లను కోసేశాడు. ఫల్గుణ ముద్దుగా సాకుకున్న పిల్ల అది. "నన్నడగాలా వద్దా? నానేటి సచ్చిపోనానా?" అని అరిచి, మర్నాడే రెండిళ్లకూ ఉమ్మడిగా ఉన్న పెరడు మధ్య, మేకల దొడ్డిని కూడా రెండు చేస్తూ నిలువెత్తు దడి కట్టాడు. వెదురు చీల్చి దగ్గరగా అల్లి పైన ముళ్లకంప వేశాడు. వేలు దూరే సందు వదల్లేదు. పనిమంతుడే, పాపం.

"ఒరే తమ్ముడా, మనం మనం ఏటైనా అనుకుందాం. వాటినొక్కకాడ ఉండనీరా. దిగులెట్టుకుంటాయి," అన్నాడు సోంబరు. పెళ్లాం పోయి, పిల్లల్లేక, ఒంటరిగా బతుకుతున్న మనిషి. ఫల్గుణ తల తిప్పలేదు. సోంబరు తప్పయిందని ఒక్క మాట అంటే దడి పీకేద్దామనే ఉంది లోపల. ఆ మాట కోసమే కాచుకు కూర్చున్నాడు.

తొంభై తొమ్మిదో సంవత్సరం వానలు. ఇంటికొకరు జ్వరంతో ముసుగు పెట్టారు. బాగున్నవాళ్లు పోడు మీద కలుపుకు పోయారు. సోమవారం పొద్దున్నే దడికి అవతల, సోంబరు వైపున్న మేక అరవడం మొదలెట్టింది. ఇవతలిది అందుకుంది. పొద్దుగూకేదాకా ఒకటే గోల.

"జత కోసం ఏడుత్తందది," అన్నాడు ఫల్గుణ, తన భార్య రాజకుమారితో. "మా అన్న కావాలనే ఏడిపిత్తన్నాడు. నానే ఎల్లి బతిమాలాలని."

మర్నాటికి ఆ గొంతు బొంగురుపోయింది. రాజకుమారి చేట పక్కన పడేసి వచ్చింది. "నిన్నట్నుంచి బావ పొయ్యిలో పొగ లేదు. ఓపాలి ఎల్లి సూడు."

"పోడుకాడ గుడిసెలో ఉంటాడు."

"మేకనొగ్గేసి ఎల్తాడేటి ఆయన?"

ఆ మాట తగిలింది. తగలకపోవడమేమిటి? లేచాడు కూడా. గుమ్మం దాకా వెళ్లి, ముందు నేనెందుకు వెళ్లాలి అనుకుని వెనక్కొచ్చాడు. వచ్చి ఏం చేశాడో తెలుసా? అవతలి మేక పొడిచి పొడిచి కదిలించిన చోట ఇంకో నాలుగు వెదురు గెడలు పాతి బిగించాడు. ఛీ, పంతం పాడుగాను!

బుధవారం మధ్యాహ్నానికి అరుపు ఆగింది.

"సూసినావా, అలవాటైపోనాది," అన్నాడు.

ఇవతలి మేక మాత్రం దడికి నుదురు ఆనించి నిలబడి ఉంది. ఆకు వేసినా చూడలేదు. అది చూశాక ఫల్గుణ కత్తి తెచ్చి తన దడిని తనే నరకడం మొదలెట్టాడు. ఎంత గట్టిగా కట్టాడో అప్పుడు తెలిసింది. ఎంతకీ తెగదే!

చివరికి మనిషి పట్టేంత సందు చేసి అవతలికి దూరాడు. అవతలి మేక బతికే ఉంది. డొక్కలు వీపుకంటుకుపోయాయి. నోరు తెరిచి అరుస్తూనే ఉంది, చప్పుడే రావడం లేదు.

దొడ్డి తలుపు తోసుకుని అన్న పెరట్లోకి పరిగెత్తాడు. వెనక గుమ్మంలో సోంబరు బోర్లా పడి ఉన్నాడు, మేకకని విరిచి తెచ్చిన పనస కొమ్మ చేతిలోనే ఉంది. దాని ఆకులు ఎప్పుడో వాడిపోయాయి. ఫల్గుణ అన్నను వెల్లకిలా తిప్పాడు. ఊపిరి లేదు. ఒళ్లు మాత్రం ఇంకా పూర్తిగా చల్లబడలేదు.

"అన్నా, లెగు! తప్పయిపోనాది, లెగన్నా!"

వెనకే రెండు మేకలూ కలిసి వచ్చాయి. సోంబరు చేతిలోని కొమ్మను చెరోపక్క నుంచీ లాగి, ఆ వాడిన ఆకులే తినసాగాయి. ఫల్గుణ వాటిని అదిలించలేదు.