ప్రసూన పేరు మీద నేను

నేను ఒక ఐడీని. మనుషులు కంప్యూటర్ ముందు కూర్చుని అక్షరాలతో కబుర్లాడుకునే మెసెంజర్ అనేది కొత్తగా వచ్చిన రోజుల్లో, దాని లోపలికి వెళ్లడానికి పెట్టుకున్న పేర్లలో నేనొకదాన్ని. నాకు ఒళ్లు లేదు, బరువు లేదు, తుప్పు పట్టే భయం అసలే లేదు. ఒక పేరు, దాని వెనక ఒక పాస్‌వర్డ్, అంతే. ఆ పాస్‌వర్డ్ ఎవరు కొడితే నేను వాళ్ల మనిషిని. నా బతుకు ఇలా తగలడింది ఈ ఒక్క గుణం వల్లే.

నేను పుట్టింది కాకినాడలో, భానుగుడి దగ్గర వీర్రాజుగారి నెట్ సెంటర్లో. వరసగా ప్లైవుడ్ అడ్డాలు, ఒక్కో అడ్డం వెనక ఒక కంప్యూటర్. దుమ్ము పడితే కంప్యూటర్లు పాడైపోతాయని చెప్పులు బయటే విడిచి రమ్మనేవాడాయన. నన్ను పుట్టించడానికి తండ్రీ కూతుళ్లిద్దరూ కలిసి వచ్చారు. కూతురు ప్రసూన బీయస్సీ చివరి సంవత్సరం. తండ్రి సూర్యప్రకాశరావు ఒక ప్రభుత్వ కార్యాలయంలో టైపిస్టు. ప్రసూన తల్లి ఆ పిల్ల చిన్నప్పుడే పోయింది. జడ వేయడం దగ్గర నుంచి పరీక్షల ముందు పాలు కాచి ఇవ్వడం దాకా అన్నీ ఆయనే చేసి పెంచాడు.

ప్రసూన అని కొడితే ఆ పేరు అప్పుడే ఎవరో తీసేసుకున్నారు. ఇంటిపేరు కలిపి కొడితే అదీ పోయింది. ప్రపంచంలో ఇంతమంది ప్రసూనలున్నారా అని తండ్రీ కూతుళ్లు నవ్వుకున్నారు. చివరికి ఊరి పేరు తగిలిస్తే నేను దొరికాను.

"పాస్‌వర్డ్ ఏం పెట్టను నాన్నా?" అని ఆ పిల్ల సెంటరంతా వినబడేలా అడిగింది.

"నెమ్మదిగా అడగవే తల్లీ! మనిద్దరికీ గుర్తుండేది పెట్టు," అన్నాడాయన.

మనిద్దరికీ అన్నాడు చూశారూ, నేను నెత్తీ నోరూ కొట్టుకోవాల్సింది అక్కడే. కానీ ఆ ఇంట్లో బీరువాకు తాళం వేసే అలవాటు కూడా లేదట. కన్నతండ్రికి తెలియని పాస్‌వర్డ్ ఒకటి ఉండాలన్న ఆలోచన ఆ పిల్లకు రాలేదు. నాకు మాత్రం ఏం తెలుసు? అప్పుడే కళ్లు తెరిచాను.

మొదట్లో నా జీవితం సరదాగానే సాగింది. మస్కట్‌లో ఉన్న సత్యవతి పిన్ని రోజూ వచ్చి పలకరించేది. తెలుగు మాటల్ని ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టేవారు కాబట్టి ఆవిడ వంకాయ కూర గురించి అడిగినా అదేదో మందు పేరులా కనిపించేది. చనిపోయిన అక్క కూతురు తిన్నదా లేదా అన్నదే ఆవిడ బెంగ. ఇక కాలేజీ స్నేహితురాళ్ల సంగతి చెప్పక్కర్లేదు. పక్క గదిలోనే కూర్చుని, అడ్డం మీద తడితే పలికేంత దగ్గర్లో ఉండి కూడా, నా ద్వారా హాయ్ చెప్పుకుని కిలకిలా నవ్వేవారు. అప్పుడప్పుడూ సాయంత్రాలు ఆఫీసు అయ్యాక నాన్నగారు కూడా ఒంటరిగా వచ్చి పిన్నితో మాట్లాడేవాడు. ఆయన వేళ్లు టైపు మిషను మీద అరిగినవి. పది వేళ్లతో, ఒక్క తప్పు లేకుండా, వాక్యం చివర చుక్క పెట్టి మరీ కొట్టేవాడు. ఆ దెబ్బలకు కీబోర్డు విరుగుతుందేమోనని వీర్రాజుగారు లోపల్లోపల గింజుకునేవాడు.

అలా ఉండగా ప్రసూనకు రాజమండ్రి సంబంధం కుదిరింది. అబ్బాయి ఫణీంద్ర, పుణెలో ఉద్యోగం. తాంబూలాలు పుచ్చుకున్నాక ఇంటి ఫోనులో మాట్లాడుకుందామంటే ఎవరో ఒకరు పక్కన చేరి చెవులు రిక్కించేవారట. అందుకని ఇద్దరూ నన్ను పట్టుకున్నారు. పెళ్లి కాబోయేవాళ్ల మధ్య తిరగడమంటే మాటలా! అతను "తిన్నారా?" అని అడిగి ఊరుకునేవాడు. ఆమె "ఊ" అని కొట్టి, చెరిపి, మళ్లీ "ఊ" అనే కొట్టేది. నిజం చెప్పొద్దూ, నాకు గర్వంగా ఉండేది. ఇద్దరు మనుషులు ఒకరికొకరు అలవాటు పడుతుంటే మధ్యలో నేనున్నాను కదా అనుకునేదాన్ని.

ఆ వేసవిలోనే ప్రసూనకు విశాఖలో ఎమ్మెస్సీ సీటు వచ్చేంత మంచి ర్యాంకు వచ్చింది. పెళ్లయితే పుణె వెళ్లాలి. పుణె వెళితే సీటు పోతుంది. ఆ పిల్ల రెండు రోజులు ఆలోచించి ఫణీంద్రకు చెప్పేసింది.

"నాకు చదవాలనుంది. మీకు ఇబ్బందైతే ఇప్పుడే చెప్పండి."

"చదువుకోండి. నాకెందుకు ఇబ్బంది?" అన్నాడతను.

ఆ ఏడు గోదావరికి పుష్కరాలు. పుష్కరం మొదలైందంటే ఆ ఏడాది పొడుగునా ఇరువైపుల ఇళ్లలోనూ పెళ్లి మాట ఎత్తరు. పెద్దలేమో ఆ లోపే జ్యేష్ఠంలో ముహూర్తం పెట్టేయాలని చూస్తున్నారు. అందుకని వీళ్లిద్దరూ ఒక ఎత్తు వేశారు. ఫణీంద్ర తనకు ఆఫీసులో సెలవు దొరకడం లేదని వాళ్లింట్లో చెప్పాలి. జ్యేష్ఠం దాటిపోతే ఆషాఢం, ఆ వెనకే పుష్కరం. ఇక పెద్దలే వచ్చే ఏటికి వాయిదా వేస్తారు. ఎవరితోనూ గొడవ పడక్కర్లేదు, ఎవరినీ ఎదిరించక్కర్లేదు. ఈలోపు ప్రసూన విశాఖలో చేరిపోతుంది. ఆ రోజు ఆమె ఎంత ఆనందంగా సైన్ అవుట్ చేసిందో నాకింకా గుర్తుంది.

మర్నాడు పిన్నితో కూడా చెప్పింది.

"నాన్నకి అంతా చెప్పా పిన్నీ. నీ ఇష్టమమ్మా, ఆ అబ్బాయి సరేనంటే నాకేం అడ్డు అన్నాడు. మా నాన్న బంగారం."

ఆ బంగారం ఆ సాయంత్రమే వచ్చి నన్ను తెరిచింది.

వేళ్లు తగలగానే ఆయనేనని తెలిసిపోయింది. పిన్ని కోసం వచ్చాడనుకున్నాను. పిన్ని పేరు జోలికే పోలేదు. ఫణీంద్ర పేరు మీద రెండు సార్లు నొక్కాడు. తర్వాత, నా పేరుతో, అంటే ప్రసూన పేరుతో, ఇలా రాశాడు.

"నేను బాగా ఆలోచించాను. నాకు చదువు వద్దు. మీరు సెలవు గురించి ఇంట్లో ఏమీ చెప్పకండి. జ్యేష్ఠంలోనే పెళ్లి జరిగితే నాకు సంతోషం."

నేనేం చేయను? గట్టిగా అరిచే నోరు నాకు లేదు. పాస్‌వర్డ్ సరిగ్గా ఉంది, తలుపు తీశాను. ఆ మాటలు నా మీదుగా పుణె వెళ్లిపోయాయి, పక్కనే ప్రసూన పేరు పెట్టుకుని. దొంగకు కూడా కాస్త భయం ఉంటుంది. ఈయనకు అదీ లేదు, సొంత ఇంట్లోకి వచ్చినట్టు వచ్చాడు. నన్ను పుట్టించిన చేతులే నాతో ఈ పని చేయించాయని నాకు లేని ఒళ్లు కూడా మండిపోయింది.

అటు నుంచి ఫణీంద్ర కాసేపు ఆగి "సరే, మీ ఇష్టం" అన్నాడు.

ఆ వారంలోనే రాజమండ్రి నుంచి ముహూర్తం ఖాయమైందని కబురొచ్చింది. ప్రసూన పరుగున సెంటరుకు వచ్చింది. ఎప్పుడూ పొద్దున వచ్చే పిల్ల ఆ రోజు సాయంత్రం వచ్చింది. అదృష్టం కొద్దీ ఫణీంద్ర లైన్లోనే ఉన్నాడు.

"ఏంటండీ ఇది? సెలవు లేదని చెప్తానన్నారుగా?"

"మీరే కదా వద్దన్నారు?"

"నేనా? ఎప్పుడు?"

అతని జవాబు రాకముందే ఆమె ముందున్న చాట్ కిటికీ మూసుకుపోయింది. నన్ను ఇంకో కంప్యూటర్ మీద ఎవరో తెరిచారన్న మాట తెర మీద పడింది. ఒకేసారి రెండు చోట్ల ఉండటం నాకు చేతకాదు. రెండో చోట తెరిస్తే మొదటి చోట నుంచి వెళ్లగొడతారు. ప్రసూన కంగారుగా మళ్లీ పాస్‌వర్డ్ కొట్టింది. అవతలి మనిషి బయటపడ్డాడు. ఆయనా మళ్లీ కొట్టాడు. ఈమె బయటపడింది. అలా నన్ను చెరో చెయ్యి పట్టి లాగారు.

"వీర్రాజుగారూ, ఇదేంటండీ, ఊరికే బయటికి తోసేస్తోంది!"

"నీ ఐడీతో ఇంకెవరో లోపలికొత్తన్నారమ్మా. పాస్‌వర్డ్ ఎవరికన్నా చెప్పేవేంటి?"

లేదని చెప్పబోయి ప్రసూన ఆగిపోయింది. మూడు గదుల అవతల నుంచి కీబోర్డును బాదుతున్న చప్పుడు వస్తోంది. టక టక టకమని, పది వేళ్లూ ఒక్క ఊపున. ఇంట్లో ఆయన టైపు మిషను నుంచి ఆ చప్పుడు వింటూ నిద్రపోయిన పిల్ల, ఆ చప్పుడు వింటూ చదువుకున్న పిల్ల. లేచి వెళ్లి ఆ అడ్డం పక్కన నిలబడింది.

ఆయన చేతులు కీబోర్డు మీదే ఉండిపోయాయి.

"కూర్చోమ్మా," అన్నాడు. "పుష్కరం దాటేదాకా అంటే ఏడాది. ఏడాదిలో వాళ్ల మనసులు ఎటు మారతాయో ఎవడికి తెలుసు? మీ అమ్మ లేదు. నాకేమన్నా అయితే నీకెవరున్నారు? నీ మంచికేనమ్మా."

"ఆ మాట నాతో అనొచ్చుగా నాన్నా. ఇంట్లో నీ ఇష్టమన్నావుగా."

"అంటే ఏడుస్తావని."

"పోనీ ఆయనకి నువ్వే ఫోన్ చేసి చెప్పాల్సింది. నా పేరుతో ఎందుకు చెప్పావ్?"

ఆయన తల దించుకున్నాడు. "నేను చెబితే నిన్ను అడుగుతాడు. నువ్వే చెబితే ఇంకెవర్ని అడుగుతాడమ్మా?"

ప్రసూన వెనక్కి తిరిగింది. తన కంప్యూటర్ ముందుకు వచ్చి కూర్చుంది. ఈసారి నన్ను ఎవరూ లాగలేదు. ప్రసూన ఫణీంద్రకు రాసింది.

"మొన్న మీతో మాట్లాడింది నేను కాదు. మా నాన్న. నాకు చదువుకోవాలనే ఉంది."

అతనేదో కొడుతున్నట్టు తెర కింద కనిపించింది. ఆగింది. మళ్లీ కనిపించింది. ఇప్పుడు అతను అండగా నిలబడతాడని నేను ఎంతో ఆశపడ్డాను. ఆమె కూడా ఆశపడే ఉంటుంది, తెరకు అంత దగ్గరగా వంగింది.

"తెలుసు," అని వచ్చింది.

"ఏం తెలుసు?"

"మీరు కాదని అప్పుడే అనుమానం వచ్చింది. మీరెప్పుడూ అంత పద్ధతిగా రాయరు కదా. కానీ మా ఇంట్లో కూడా ఇప్పుడే కావాలంటున్నారు. మీ నాన్నగారికీ అదే ఇష్టం. అందరికీ మంచిదే కదా అని ఊరుకున్నా. తప్పుగా అనుకోకండి."

పాపం, ఎంత మంచి అబ్బాయి! అబద్ధం ఒక్కటి కూడా ఆడలేదు. తండ్రిగారు ఆడి పెట్టిన అబద్ధాన్ని చేతులు కడుక్కుని తీసుకున్నాడంతే. తండ్రి చేసిన పనికి నాకు కోపం వచ్చింది గానీ, ఈ మాటకు నా మనసు విరిగిపోయింది.

ప్రసూన అతని కిటికీ మూసేసింది. నా పాస్‌వర్డ్ మార్చింది. మరిచిపోతే అడిగే రహస్య ప్రశ్న కూడా మార్చింది. నన్ను మూసేసి చెప్పులేసుకుని వెళ్లిపోయింది. మళ్లీ రాలేదు.

ఆ తర్వాతి సంగతులు నేను చూసినవి కావు, నన్ను ఎవరూ తెరవకపోయినా నా గుమ్మంలో పోగుపడ్డ మాటల వల్ల తెలిసినవి. "ఒక్కసారి లైన్లోకి రండి" అని ఫణీంద్ర కొన్నాళ్లు రాశాడు, తర్వాత మానేశాడు. పిన్ని మాత్రం రాస్తూనే ఉంది. "పెళ్లి వద్దని నువ్వే వాళ్లింటికి ఫోన్ చేశావటగా. హాస్టల్లో తిండి బాగుందా తల్లీ? మీ నాన్న ఫోన్ చేసినా, అక్కడికొచ్చినా మాట్లాడటం లేదటగా. మస్కట్ నుంచి నేనేం చెప్పను?" వాటిని ప్రసూన చదవలేదు. ఒక్క తప్పూ చేయని నన్ను కూడా ఆ ఇద్దరితో కలిపి వదిలేసింది. చాలా ఏళ్లకు ఆ కంపెనీ మెసెంజర్ దుకాణమే ఎత్తేసింది. నాలాంటి లక్షల పేర్లు ఒక్క రోజులో చెరిగిపోయాయి. దానికి నేనేమీ బాధపడలేదు.

కానీ అంతకు ముందు, ఆమె విశాఖ వెళ్లిన కొత్తలో, నాన్నగారు నా దగ్గరికి రోజూ వచ్చేవాడు. పాత పాస్‌వర్డ్ కొట్టేవాడు. కూతురి పేరు కొట్టేవాడు, భార్య పేరు కొట్టేవాడు, కూతురి ముద్దుపేరు కొట్టేవాడు. ఒక సాయంత్రం అవేవీ కొట్టలేదు. పాస్‌వర్డ్ రాసే ఆ చిన్న గడిలో, చుక్కలు తప్ప ఏమీ కనిపించని చోట, ఒక్కో అక్షరమే మెల్లగా కొట్టాడు.

"నాన్నది తప్పయిపోయిందమ్మా. ఒక్కసారి మాట్లాడు."

ఆయన మీద కోపం పోయిందని కాదు గానీ, ఆ క్షణంలో ఏదో ఒకటి చెప్పాలనిపించింది. నాకు నేర్పిన మాట ఒక్కటే.

పాస్‌వర్డ్ తప్పు. మళ్లీ ప్రయత్నించండి.